ఆఫీసులో ఆటపాటలకు మళ్లీ చోటు కల్పించడం ఎలా?

నేను బెంగళూరులో పన్నెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేస్తున్నాను. గతంలో పనిచేసిన ఒక కంపెనీలో ప్రతి శుక్రవారం సాయంత్రం అయిదు గంటలకు ‘ఫన్ ఫ్రైడే’ పేరుతో అందరినీ ఒక హాల్లోకి పిలిచి, హాజరు వేసి, బెలూన్లు ఊదించేవారు. ఆరింటికి క్యాబ్ అందుకోవలసినవారు గడియారం వైపే చూస్తూ కూర్చునేవారు. ఆ గంటలో ఆగిన పనిని శనివారం ఇంటి దగ్గర పూర్తిచేసేవారు. ఇష్టం లేనప్పుడు మానేసే వీలు ఉంటేనే దాన్ని ఆట అంటారని నాకు అక్కడే అర్థమైంది. ఈ వ్యాసంలో చెప్పేవన్నీ, ఆ తరువాత పదకొండు మంది టీమును నడుపుతూ నేను ఆచరించి చూసినవి.

ముందుగా రెండు వారాలు గమనించండి

కొత్తగా ఏదైనా మొదలుపెట్టే ముందు, మీ ఆఫీసులో ఇప్పటికే నవ్వు ఎక్కడ పుడుతోందో, ఎక్కడ ఆగిపోతోందో చూడండి. అమెరికాకు చెందిన శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్, జనం మామూలుగా మాట్లాడుకునేటప్పుడు వచ్చిన 1200 నవ్వులను గమనించి, వాటిలో జోకు లాంటి మాట తరువాత వచ్చినవి 20 శాతం కూడా లేవని తేల్చారు. ఒంటరిగా ఉన్నప్పటి కంటే నలుగురిలో ఉన్నప్పుడు మనిషి దాదాపు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడని కూడా ఆయన పరిశీలనలో తేలింది. అంటే హాస్యం పండించగలవారి కోసం వెతకవలసిన పని లేదు. మనుషులు తీరికగా ఒకచోట నిలబడే అవకాశం ఉంటే చాలు. మా టీములో ఆ చోటు కాఫీ మెషీన్ పక్కన ఉన్న చిన్న బల్ల అని, అక్కడి మాటలు పదిన్నరకు స్టాండప్ మీటింగ్ (రోజూ ఎవరి పని ఎంతవరకు వచ్చిందో క్లుప్తంగా చెప్పుకునే సమావేశం) మొదలవగానే తెగిపోతున్నాయని గమనించాను. మీటింగును పదిహేను నిమిషాలు ఆలస్యంగా మొదలయ్యేలా మార్చాను. మొదటి నెల అంతకు మించి నేనేమీ చేయలేదు.

సమయాన్ని పని గంటల్లోంచే తీయండి

అవుటర్ రింగ్ రోడ్డు మీద రోజుకు రెండు మూడు గంటలు గడిపే మనిషిని, పని ముగిశాక సరదా కోసం ఇంకో గంట ఉండమనడం అన్యాయం. పిల్లలను డేకేర్ నుంచి తీసుకురావలసిన తల్లికి అది శిక్షతో సమానం. కాబట్టి వారానికి రెండు సార్లు ఇరవై నిమిషాల చొప్పున, మధ్యాహ్న భోజనం తరువాత, క్యాలెండరులో అధికారికంగా ఖాళీ ఉంచండి. రానివారిని ఎందుకు రాలేదని అడగకండి. తన సీట్లోనే కూర్చుని పాటలు వినే హక్కు కూడా ఆ ఇరవై నిమిషాల్లో ఉండాలి.

ఒక ఆటను చేతికి అందేలా పెట్టండి

నా అనుభవంలో అన్నింటికంటే బాగా పనిచేసింది అష్టాచమ్మా. పాత అట్టపెట్టె మూత మీద స్కెచ్ పెన్నుతో అయిదు అడ్డం, అయిదు నిలువుగా 25 గళ్లు గీసి, నాలుగు అంచుల మధ్య గళ్లలోనూ నడిమింటిలోనూ ఇంటూ గుర్తులు వేశాం. గవ్వలు దొరకకపోతే, మా అనంతపురం సహోద్యోగిని ఒకరు ఇంటి నుంచి చింతపిక్కలు తెచ్చి, మెట్ల దగ్గర గరుకు రాతి మీద ఒకవైపు తెల్లగా అయ్యేదాకా అరగదీశారు. నాలుగు పిక్కలూ తెల్లగా పడితే చమ్మా, అంటే నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్టా, అంటే ఎనిమిది. కాయలుగా చన్నపట్న లక్క రంగు పూసలు వాడాం.

ఆట మొదలు కాకముందే అసలైన సందడి మొదలైంది. మైసూరు నుంచి వచ్చిన మిత్రుడు దాన్ని చూడగానే "ఇది మా చౌకాబారా కదా" అన్నాడు. ఎదుటివాడి కాయను ఒక్కటైనా చంపకుండా లోపలి గళ్లలోకి వెళ్లకూడదని గుంటూరువారు, వెళ్లవచ్చని చిత్తూరువారు పట్టుబట్టారు. ఎప్పుడూ మాట్లాడని టెస్టింగ్ ఇంజినీరు లేచి, రెండు పద్ధతులనూ వైట్‌బోర్డు మీద రాసి, వారం మార్చి వారం ఆడదామని తీర్పు చెప్పాడు. తీసుకువెళ్లి బల్ల మీద పెట్టిన ఏ ఖరీదైన ఆటవస్తువుకూ ఇంతమందిని మాట్లాడించే శక్తి ఉండదని నేను నమ్ముతాను. ఎందుకంటే ఈ ఆటతో పాటు ప్రతివారి నాయనమ్మ ఇల్లు కూడా ఆ బల్ల మీదికి వస్తుంది. గుంటల పీట దొరికితే వామనగుంటలు, మూడు పులులు పదిహేను మేకల పులిజూదం కూడా ఇదే విధంగా ఉపయోగపడతాయి. ఆట సగంలో ఆగిపోతే కాయలను అలాగే వదిలేయండి. మరునాడు ఆట మళ్లీ అక్కడి నుంచే సాగుతుంది.

పనిలోకే ఆటను రానివ్వండి

విరామంలో ఆడుకోవడం ఒక మెట్టు. అసలైన మార్పు పని లోపల ఆట మొదలైనప్పుడు కనిపిస్తుంది. దీనికి మన అష్టావధానంలోనే మంచి నమూనా ఉంది. ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఒకరు అప్రస్తుత ప్రసంగం చేస్తారు; అవధాని ఏకాగ్రతను చెదరగొట్టేలా సంబంధం లేని ప్రశ్నలు వేయడమే వారి పని. అవధాని చమత్కారంగా జవాబిచ్చి, తిరిగి తన పద్యంలోకి వెళ్లాలి.

మేము గురువారం జరిగే నలభై అయిదు నిమిషాల సమీక్షలో ఈ పాత్రను ప్రవేశపెట్టాం. వారానికి ఒకరు, ముందుగా ఒప్పుకున్నవారు మాత్రమే, రెండు అప్రస్తుత ప్రశ్నలు వేయవచ్చు. వివరిస్తున్నవారు ఒక్క వాక్యంలో జవాబు చెప్పి, దాన్ని విషయానికి ముడిపెట్టి ముందుకు సాగాలి. ఒకసారి డేటాను పాత సర్వర్ నుంచి కొత్తదానికి మార్చడం గురించి చర్చ జరుగుతుండగా, "కొత్త ఇంట్లో చేరేటప్పుడు ముందు పాలు పొంగిస్తాం కదా, మీరు కొత్త సర్వర్‌లో ఏం పొంగిస్తారు?" అని ప్రశ్న వచ్చింది. "టెస్ట్ డేటా పొంగిస్తాం, విరిగితే పాత ఇంటికే తిరిగి వస్తాం" అని జవాబు వచ్చింది. అందరూ నవ్వారు. నవ్వు ఆగాక, పాత ఇంటికి తిరిగి వచ్చే దారి మేమింకా సిద్ధం చేసుకోలేదని ఒకరు గుర్తుచేశారు. ఆ రోజు సమీక్షలో అన్నింటికంటే ముఖ్యమైన మాట అదే.

పొరపాటును ముందుగా మీరే చెప్పండి

భయం ఉన్నచోట ఆట నిలవదు. హార్వర్డ్ ఆచార్యురాలు ఏమీ ఎడ్మండ్‌సన్ 1999లో ఒక తయారీ సంస్థకు చెందిన 51 బృందాలను పరిశీలించి, మాట జారినా తప్పు జరిగినా చిన్నచూపు చూడరన్న నమ్మకం ఉన్న బృందాలే బాగా నేర్చుకుంటాయని చూపించారు. ఆ నమ్మకం మేనేజర్ దగ్గరే మొదలవ్వాలి. నేను సోమవారం మాట్లాడేటప్పుడు గతవారం నా వల్ల జరిగిన ఒక పొరపాటుతో మొదలుపెడతాను. ఇతరులను చెప్పమని అడగను. మూడో వారానికి వారంతట వారే చెప్పడం మొదలుపెట్టారు.

హద్దులను స్పష్టంగా చెప్పండి

ఇందులో మొహమాటం పనికిరాదు. యాస, కులం, రంగు, శరీరం, పెళ్లి, సొంత రాష్ట్రం గురించి వేసే జోకులు ఒకరిని పణంగా పెట్టి మిగిలినవారిని నవ్విస్తాయి. 2013 నాటి పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం, లైంగిక ధోరణిలో చేసే వ్యాఖ్యలను కూడా వేధింపుగానే పరిగణిస్తుంది. సరదాకి అన్నామన్న సాకు చెల్లదు. పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అందులో ఎవరెవరు ఉన్నారో టీములో అందరికీ తెలిసేలా చూడండి.

మారతహళ్లి చుట్టుపక్కల ఆఫీసుల్లో తెలుగువాళ్లం ఎక్కువగా ఉంటాం కాబట్టి మరొక జాగ్రత్త కూడా అవసరం. ఆరుగురం తెలుగులో పకపకా నవ్వుకుంటుంటే, పక్కనున్న కన్నడ, ఒడియా సహోద్యోగులకు ఆ నవ్వు తమ గురించేమో అనిపిస్తుంది. అప్పటికప్పుడు అర్థం చెప్పండి. మనం ఉంటున్న ఊరి భాషలో నాలుగు పొడుపుకథలు కన్నడ మిత్రుల దగ్గర నేర్చుకుంటే ఇంకా మంచిది.

పండుగను వాడుకోండి, ఆగిపోయినదాన్ని తీసేయండి

బెంగళూరులో ఆయుధపూజకు ఆఫీసులు వాటంతటవే కళకళలాడతాయి. మానిటర్లకు బొట్లు, కీబోర్డుల పక్కన బంతిపూలు, బూడిదగుమ్మడికాయ పగలగొట్టాక పొట్లాల్లో పంచే బొరుగులు, పుట్నాలు ఎవరి ఆజ్ఞా లేకుండానే వస్తాయి. అలంకరణను ఆ ఏడాది కొత్తగా చేరినవారికి అప్పగించండి. పూజలో పాల్గొనడం మాత్రం ఎవరి ఇష్టం వారిది.

ఇవన్నీ పనిచేస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి సర్వే పత్రాలు పంచవద్దు. భోజనానికి ఒంటరిగా వెళ్లేవారు తగ్గారా, కొత్తగా చేరినవారు ఎన్నో రోజున మొదటి ప్రశ్న అడిగారు అన్నవి చూస్తే చాలు. వరుసగా మూడు వారాలు ఎవరూ కాయ కదపకపోతే ఆ అట్టను తీసి బీరువాలో పెట్టేయండి. తరువాత ఏ ఆట పెట్టాలో, ఇంతవరకూ ఆ బల్ల దగ్గరికి రానివారిని అడగండి. మా దగ్గర ఆ ప్రశ్నకు జవాబుగా గోళీలు వచ్చాయి; ప్యాంట్రీ నేల నున్నగా ఉండటం వల్ల ఇప్పుడు పాత యోగా చాప మీద ఆడుతున్నాం.