పాత ల్యాప్‌టాప్ బాగుచేత – 4వ పాఠం: నెట్‌వర్క్ కార్డు పెట్టుకోవడం

గత పాఠంలో ర్యామ్ పెంచాం, హార్డ్ డిస్క్‌లో చోటు ఖాళీ చేశాం. మిషన్ ఇప్పుడు చకచకా ఆన్ అవుతోంది, కానీ నెట్‌కు కలిపే దారి లేదు. వైఫై ఉంది కదా అనకండి. 2003కు ముందు వచ్చిన వైఫై కార్డుల్లో చాలావాటికి వెప్ అనే పాత భద్రతా పద్ధతి ఒక్కటే తెలుసు. ఇప్పటి రౌటర్లు దాన్ని గుమ్మంలోంచే పంపించేస్తాయి. కేబుల్‌కు పాస్‌వర్డు గొడవ లేదు, అందుకే పాత మిషన్లకు నా ఓటు ఎప్పుడూ వైరుకే.

ముందుగా ల్యాప్‌టాప్‌కు ఉన్న జాక్‌లు చూడండి. ఇరుకుగా ఉండేది టెలిఫోన్ మోడెమ్‌ది. వెడల్పుగా, లోపల ఎనిమిది తీగలు కనబడేది ఈథర్నెట్, అంటే నెట్‌వర్క్ కేబుల్ పెట్టే జాక్. ఫోన్ వైరు క్లిప్ ఈథర్నెట్ జాక్‌లోనూ వదులుగా దూరుతుంది కాబట్టి, ఏదో ఒకటి దూరిందని సంబరపడొద్దు. ఈథర్నెట్ జాక్ అసలు లేకపోయినా, ఉన్నది పాడైపోయినా, పక్కనుండే కార్డు స్లాట్‌తో పని జరిపించుకోవచ్చు.

ఏ స్లాటో తేల్చుకోవాలి

ఈ పాఠంలో అసలు పని ఇదే. కార్డు కొనేశాక స్లాట్ చూసుకునేవాళ్లే ఎక్కువ, అందుకే ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం.

స్లాట్‌లో ప్లాస్టిక్ డమ్మీ ఉంటే తీసేసి టార్చ్ వేసి లోపలికి చూడండి. లోపల చివర రెండు వరుసల్లో సన్నటి పిన్నులు కనిపిస్తే అది పీసీ కార్డు స్లాట్. పాతవాళ్లు పీసీఎంసీఐఏ అనేది దీన్నే. మొత్తం 68 పిన్నులు ఉంటాయి, వెడల్పు 54 మిల్లీమీటర్లు. అలాంటి పిన్నుల వరుసలు లేకుండా ఇరుకైన కనెక్టర్ ఒకటే ఉంటే అది ఎక్స్‌ప్రెస్‌కార్డ్. ఇందులో 34 మిల్లీమీటర్ల రకం, 54 మిల్లీమీటర్ల రకం ఉన్నాయి. రెండో రకం వెడల్పులో పీసీ కార్డు స్లాట్‌లాగే ఉంటుంది, జనం మోసపోయేది ఇక్కడే. ఒక రకం కార్డు ఇంకో రకం స్లాట్‌లో పనిచేయదు. స్కేలు పెట్టి వెడల్పు కొలిచి ఊరుకుంటే సరిపోదు, లోపలికి తొంగి చూడాల్సిందే.

పీసీ కార్డులోనూ రెండు తరాలున్నాయి. మొదటిది 16 బిట్‌లది, అంటే ఒక్కో దఫాకు 16 బిట్‌ల సమాచారం మోసేది. 1995లో వచ్చిన కార్డ్‌బస్ 32 బిట్‌లది. కార్డు చేతిలో ఉంటే తేడా పట్టడం తేలిక: కార్డ్‌బస్ కార్డుకు కనెక్టర్ ఉండే అంచున బంగారు రంగు పట్టీ, దాని మీద ఎనిమిది చిన్న బొడిపెలు ఉంటాయి. వేలితో తడిమినా తెలుస్తుంది. 16 బిట్‌ల కార్డు కార్డ్‌బస్ స్లాట్‌లో హాయిగా పనిచేస్తుంది. కార్డ్‌బస్ కార్డు మాత్రం 16 బిట్‌ల స్లాట్‌లో పూర్తిగా దిగదు. అలా దిగకుండా అంచు ఆకారాన్ని కావాలనే మార్చారు. అక్కడ బలం చూపిస్తే విరిగేది మన స్లాటే.

మరి మన స్లాట్ ఏ తరానిది? బయటి నుంచి చూస్తే తెలియదు. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి పీసీఎంసీఐఏ అడాప్టర్ల వరుస చూడండి. అక్కడ కార్డ్‌బస్ కంట్రోలర్ అని ఉంటే చాలు. లైనక్స్‌లో పీసీఐ పరికరాల జాబితా అడిగితే కార్డ్‌బస్ బ్రిడ్జ్ అని చూపిస్తుంది.

ఎంత వేగం కావాలి

కార్డ్‌బస్ సెకనుకు 133 మెగాబైట్ల దాకా మోయగలదు, అదీ కాగితం మీద. 100 మెగాబిట్ల నెట్‌వర్క్‌కు కావాల్సింది 12.5 మెగాబైట్లే (ఎనిమిది బిట్లు ఒక బైటు) కాబట్టి 10/100 కార్డు, అంటే 10, 100 మెగాబిట్ల వేగాలు రెండూ తెలిసింది, అందులో సుఖంగా నడుస్తుంది. గిగాబిట్ కార్డ్‌బస్ కార్డులూ దొరుకుతాయి గానీ, ఆ కాలపు హార్డ్ డిస్క్ ఆ వేగాన్ని అందుకోలేదు, ఎక్కువ డబ్బు పెట్టడం దండగ. ఎక్స్‌ప్రెస్‌కార్డ్ ఉన్నవాళ్లు గిగాబిట్ తీసుకోవచ్చు. ఇక 16 బిట్‌ల కార్డు మీద 100 అని రాసి ఉన్నా, బస్సే, అంటే కార్డు నుంచి మిషన్‌లోకి సమాచారం వెళ్లే దారే, ఇరుకు కాబట్టి అంత రాదు.

యూఎస్‌బీ అడాప్టర్ సంగతి కూడా చెప్పాలి. మీ ల్యాప్‌టాప్‌లో యూఎస్‌బీ 2.0 ఉంటే ఈ పాఠం పక్కన పెట్టి అదే కొనుక్కోండి, శ్రమ తక్కువ. యూఎస్‌బీ 1.1 అయితే వేగం 12 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు కార్డే మేలు.

కొనేటప్పుడు

కార్డు మందం 5 మిల్లీమీటర్లు, ఈథర్నెట్ జాక్ అంతకంటే మందం. ఈ చిక్కును కంపెనీలు మూడు రకాలుగా దాటాయి. కొన్ని కార్డుల్లో జాక్ ఉన్న చివర ఉబ్బుగా స్లాట్ బయట ఉంటుంది. కొన్నింటిలో పల్చటి అర ఒకటి నొక్కితే బయటికి వస్తుంది, కేబుల్ లాగితే పుటుక్కున విరిగేదీ అదే. మిగతావాటికి డాంగిల్ అనే చిన్న వైరు ముక్క విడిగా ఇస్తారు. సెకండ్‌హ్యాండ్ కార్డు తీసుకుంటే డాంగిల్ ఉందో లేదో మొదట అడగండి. ఒక కంపెనీ డాంగిల్ ఇంకో కంపెనీ కార్డుకు సాధారణంగా పట్టదు. డాంగిల్ లేని కార్డు ఎంత చవకగా వచ్చినా వద్దు. నన్నడిగితే జాక్ కార్డుకే అతికి ఉన్న రకం తీసుకోవాలి.

డ్రైవర్ ముందు, కార్డు తర్వాత

డ్రైవర్ (కార్డుతో మిషన్‌ను మాట్లాడించే సాఫ్ట్‌వేర్) కావాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు! అందుకే ఇంకో కంప్యూటర్‌లో డ్రైవర్ దించుకుని దగ్గర పెట్టుకోండి. వెతకాల్సింది కార్డు మీది బ్రాండ్ పేరుతో కాదు, లోపలి చిప్ పేరుతో. రియల్‌టెక్ 8139 చిప్ ఉన్న కార్డ్‌బస్ కార్డు దొరికితే టెన్షన్ లేదు, విండోస్ ఎక్స్‌పీలోనూ లైనక్స్‌లోనూ దానికి డ్రైవర్ ముందే ఉంటుంది. విండోస్ 98 వాళ్లు డ్రైవర్‌ను సీడీలో రాసుకోవాలి, ఎందుకంటే అది పెన్‌డ్రైవ్‌ను తనంతట తాను గుర్తుపట్టదు. పైగా నెట్‌వర్క్ పెట్టేటప్పుడు విండోస్ సీడీ కూడా అడగొచ్చు, పక్కనే ఉంచుకోండి.

ఇక దూర్చడమే

మిషన్ నడుస్తుండగా కూడా ఈ కార్డులు పెట్టొచ్చు. అయినా మొదటిసారి ఆపేసి పెట్టమంటాను. లేబుల్ పైకి ఉండేలా అంచులు పట్టుకుని నిటారుగా తోయండి. చాలా దూరం అడ్డు లేకుండా జారుతుంది, చివర్లో కొంచెం బిగువు తగులుతుంది. అక్కడ బొటనవేలితో ఒక్క ఒత్తు ఇస్తే కూర్చుంటుంది, ఎజెక్ట్ బటన్ బయటికి వస్తుంది. కూర్చోకుండా గట్టిగా అడ్డు తగిలితే కార్డు తిరగబడిందన్నమాట, లేదా స్లాట్ వేరే తరానిది. బయటికి తీసి చూడండి గానీ అటూ ఇటూ ఊపకండి. పీసీ కార్డు పద్ధతిలో పిన్నులు ఉండేది ల్యాప్‌టాప్ వైపు, రంధ్రాలు కార్డు వైపు. పిన్ను వంగితే కార్డు మార్చినా లాభం ఉండదు.

మిషన్ ఆన్ చేసి, అడిగితే డ్రైవర్ చూపించి, కేబుల్ పెట్టండి. కార్డు మీద లింక్ లైటు వెలగాలి. వెలగకపోతే కేబుల్ మార్చి చూడండి. రౌటర్ లేకుండా నేరుగా ఇంకో పాత కంప్యూటర్‌కు కలుపుతుంటే మామూలు కేబుల్ పనిచేయకపోవచ్చు, లోపలి తీగలు అటుదిటు మార్చిన క్రాస్‌ఓవర్ కేబుల్ కావాలి.

లైటు వెలిగినా నెట్ రాకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టండి. అడ్రసు 169.254తో మొదలైతే రౌటర్ నుంచి అడ్రసు రాలేదని, విండోస్ తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, కోడ్ 12 కనబడితే డ్రైవర్‌ను తిట్టుకోకండి. కార్డుకు కావాల్సిన వనరులు ఖాళీ లేవని అది చెబుతోంది. బయాస్‌లోకి (విండోస్ మొదలవకముందే తెరిచే మిషన్ సెట్టింగుల్లోకి) వెళ్లి వాడని మోడెమ్‌నో ప్రింటర్ పోర్టునో ఆపితే చాలాసార్లు సర్దుకుంటుంది.

కార్డు తీసేటప్పుడు టాస్క్‌బార్‌లోని సేఫ్లీ రిమూవ్ గుర్తు నొక్కి, తర్వాతే ఎజెక్ట్ నొక్కండి. ఇంకొక్క మాట: ఎక్స్‌పీకి భద్రతా అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. ఇంట్లో ఫైళ్లు అటూ ఇటూ పంపుకోవడానికి పర్వాలేదు, బ్యాంకు పనులు మాత్రం దాని మీద చేయకండి.

అభ్యాసం

వేరే కంప్యూటర్ నుంచి 100 మెగాబైట్ల ఫైలు ఒకటి ఈ ల్యాప్‌టాప్‌కు కాపీ చేసి టైము చూడండి. లెక్క ప్రకారం 100 మెగాబిట్ల లింక్‌లో 8 సెకన్లు, పాత డిస్క్‌తో ఇంకాస్త ఎక్కువ పడుతుంది. నిమిషంన్నర దాకా సాగితే లింక్ 10 మెగాబిట్ల దగ్గరే కుదిరిందేమో చూడాలి. కార్డు సెట్టింగుల్లో వేగం ఆటోలో ఉందో లేదో చూసి, కేబుల్ మార్చి మళ్లీ కాపీ చేయండి. రెండు టైములూ రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో ఇదే మిషన్‌కు తేలికపాటి లైనక్స్ ఎక్కించాక మళ్లీ కొలుస్తాం.