గడియ వేసినా తెరుచుకునే కిటికీలు: చెన్నై ఇళ్లలో లాకులు, హ్యాండిళ్ల సమస్యలు, పరిష్కారాలు

"కిటికీ లాక్ పాడైంది, మంచిది ఏదైనా ఉంటే చెప్పండి" అని అడిగేవాళ్లలో చాలామందికి కావలసింది కొత్త లాక్ కాదు. రెక్క కిందికి దిగిపోయి ఉంటుంది. లేదా లాక్ వెళ్లి పట్టుకోవాల్సిన క్యాచ్ పక్కకు జరిగి ఉంటుంది. ఆ రెండూ చూడకుండా ఎంత ఖరీదైనది తెచ్చి బిగించినా కొన్నాళ్లకు మళ్లీ అదే గోల. అందుకే ఇక్కడ వస్తువు పేరుతో కాకుండా, మీ ఇంట్లో కనిపించే లక్షణంతో మొదలుపెడుతున్నాను.

ముందుగా ప్రతి కిటికీకీ ఒక చిన్న పరీక్ష చేయండి. లాక్ వేసి, రెక్కను రెండు చేతులతో పట్టుకుని పక్కకు లాగండి, పైకి ఎత్తండి, ముందుకూ వెనక్కూ ఊపండి. మూడింట్లో దేనికి లొంగితే సమస్య అక్కడుంది. వీలైతే బాల్కనీ వైపు నుంచి కూడా ఇదే చేసి చూడండి. దొంగ చూసేది ఆ వైపు నుంచే కదా.

స్లైడింగ్ రెక్కను ఎత్తితే లాక్ ఊడిపోతోంది

పెరుంగుడి, శోళింగనల్లూర్ వైపు ఫ్లాట్లలో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. అల్యూమినియం స్లైడింగ్ కిటికీకి మధ్యలో అర్ధచంద్రాకారంలో తిరిగే క్రెసెంట్ లాక్ ఉంటుంది. అది తిరిగి, పక్క రెక్కకు ఉన్న క్యాచ్‌లోకి దూరి, రెండు రెక్కల్నీ దగ్గరకు బిగించాలి. రెక్క రెండు మూడు మిల్లీమీటర్లు కిందికి దిగితే చాలు, అంచు మాత్రమే తగిలి, పట్టినట్టు కనిపిస్తుంది కానీ పట్టదు.

దిగడానికి కారణం కింద ఉన్న రోలర్లు. నైలాన్ చక్రాలు ట్రాక్‌లోని ఇసుకలో నలిగి ఒకవైపు అరిగిపోతాయి. ముందు ట్రాక్‌ను పాత టూత్‌బ్రష్‌తో, వాక్యూమ్‌తో శుభ్రం చేయండి. తర్వాత రెక్క పక్క అంచున, కింది మూలకు దగ్గర్లో చిన్న రంధ్రం వెతకండి. చాలా మోడళ్లలో రోలర్ ఎత్తు సరిచేసే స్క్రూ అక్కడే ఉంటుంది. సగం చుట్టు తిప్పి, రెక్క లేస్తోందో దిగుతోందో చూసి, రెండు వైపులా సమానంగా ఎత్తండి. స్క్రూ తిప్పినా లేవకపోతే చక్రం అయిపోయినట్టే. రెక్క దించి, పాత రోలర్‌నే నమూనాగా కొట్టుకు తీసుకెళ్లాలి. రెక్క సరైన ఎత్తుకు వచ్చాక కూడా లాక్ వదులుగా ఉంటే అప్పుడు క్యాచ్ సంగతి. దాని చిల్లులు సాధారణంగా కోలగా ఉంటాయి. స్క్రూలు వదులు చేసి, కాస్త జరిపి, మళ్లీ బిగిస్తే సరిపోతుంది.

ఇక్కడితో పని పూర్తయిందని చాలామంది ఆగిపోతారు. అసలు ప్రమాదం రెక్క పైభాగంలో ఉంది. స్లైడింగ్ రెక్కను బిగించేటప్పుడు పై ట్రాక్‌లోకి ఎత్తి, కింద దించి కూర్చోబెడతారు. తీయడమూ అలాగే. అంటే పైన ఖాళీ ఎక్కువగా ఉంటే లాక్ జోలికే పోకుండా రెక్కను ఎత్తి బయటికి తీసేయొచ్చు. దీనికి మందు చాలా చవక. కిటికీ మూసి ఉన్నప్పుడు రెక్కకు పైన ఉన్న ఖాళీలో ఒక నైలాన్ ముక్కో, గట్టి రబ్బరు ముక్కో బిగించాలి. లేదంటే పై ట్రాక్‌లో రెండు స్క్రూలను, తలలు కిందికి వేలాడేలా, రెక్క వాటిని తాకకుండా జరిగేంత మేర దించాలి. రెక్క పక్కకు జరుగుతుంది, పైకి మాత్రం లేవదు.

ట్రాక్‌లో కర్ర పెట్టడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ ఇచ్చే సలహా అదే. సలహా మంచిదే, కానీ సగమే పనిచేస్తుంది. రెండు రెక్కలూ కదిలే కిటికీలో, లోపలి ట్రాక్‌లో ఖాళీగా ఉన్న సగంలో కర్ర పెడితే లోపలి రెక్క ఆగుతుంది. బయటి రెక్కకు ఆ కర్రతో సంబంధం లేదు. దాని ట్రాక్‌లో ఖాళీ సగం బయటి వైపే ఉంటుంది, మీ చేతికి అందదు. క్రెసెంట్ లాక్ వదులైతే బయటి రెక్కను హాయిగా జరపొచ్చు. రెండింటినీ కలిపి ఆపాలంటే, మధ్యలో రెక్కలు ఒకదానిమీద ఒకటి వచ్చే చోట లోపలి నుంచి ఒక చిల్లు వేసి పిన్ను దూర్చాలి. చిల్లు లోపలి రెక్క ఫ్రేమ్ దాటి బయటి రెక్క ఫ్రేమ్‌లో సగం వరకు వెళ్లాలి, గాజుకు దూరంగా ఉండాలి. ధైర్యం లేకపోతే ఫ్యాబ్రికేటర్‌తో వేయించండి, పది నిమిషాల పని. అద్దె ఇల్లయితే చిల్లు వేస్తే అడ్వాన్స్ తిరిగిచ్చేటప్పుడు పేచీ వస్తుంది కాబట్టి, ట్రాక్ పట్టీని నొక్కి పట్టుకునే మర బిగింపు క్లాంపులు కొనుక్కోండి. తాళంచెవితో బిగించేవీ దొరుకుతాయి.

దోమల జాలి రెక్క మీద నమ్మకం పెట్టుకోవద్దు. మే నెల ఉక్కకు గాజు రెక్క తీసి, జాలి ఒక్కటే మూసి పడుకోవడం ఈ ఊళ్లో మామూలే. జాలి దోమను ఆపుతుంది, బ్లేడును ఆపదు. గ్రిల్ లేని కిటికీ అయితే రాత్రికి గాజు రెక్క పూర్తిగా తెరవకుండా, పది సెంటీమీటర్ల దగ్గర ఆగేలా ట్రాక్‌లో స్టాపర్ పెట్టండి.

వేలితో నొక్కే టచ్ లాక్ పడడం లేదు

లోపల స్ప్రింగ్ అయిపోయి ఉంటుంది, లేదా ప్లాస్టిక్ నాలుక విరిగి ఉంటుంది. బాగు చేసే వస్తువు కాదు, మార్చేయాలి. కొనేటప్పుడు నాలుక లోహానిదా కాదా అన్నది ఒక్కటే చూడండి.

యూపీవీసీ హ్యాండిల్ గిరగిరా తిరుగుతోంది, లేదా కదలనంటోంది

యూపీవీసీ అంటే గట్టి ప్లాస్టిక్ ఫ్రేమ్ కిటికీలు. వీటిలో ఈ రెండూ వేర్వేరు జబ్బులు.

ఊరికే తిరుగుతుంటే, హ్యాండిల్ అడుగున ఉన్న మూతను పక్కకు తిప్పండి. రెండు స్క్రూలు కనిపిస్తాయి. అవి వదులైతే బిగిస్తే చాలు. బిగుతుగానే ఉంటే హ్యాండిల్ ఊడదీసి వెనక ఉన్న నలుచదరపు కడ్డీ చూడండి. స్పిండిల్ అంటారు, సాధారణంగా 7 మి.మీ. ఉంటుంది. దాని అంచులు అరిగి గుండ్రంగా మారినా, ఎవరో పొట్టిది వేసినా, హ్యాండిల్ తిరుగుతుంది కానీ లోపలి గేరు తిరగదు.

కదలకపోతే మాత్రం, కొత్త హ్యాండిల్ కొనే ముందు ఇది చేయండి. రెక్క పూర్తిగా తెరిచి ఉంచి హ్యాండిల్ తిప్పండి. తెరిచినప్పుడు సులువుగా తిరిగి, మూసినప్పుడు మాత్రం మొండికేస్తే హ్యాండిల్‌లో ఏ దోషమూ లేదు. రెక్క వాలి, దాని అంచున ఉన్న చిన్న గుండీలు ఫ్రేమ్‌లోని క్యాచ్‌లకు ఎదురుగా రావడం లేదు. రెక్కను మోసే స్టీలు పట్టీల స్క్రూలు బిగించండి. ఆ గుండీల్లో చాలావాటిని అలెన్ కీతో అటూ ఇటూ తిప్పి బిగింపు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. తెరిచినప్పుడు కూడా తిరగకపోతే లోపలి కడ్డీ, గేరులో దుమ్మో తుప్పో ఉంది. శుభ్రం చేసి స్ప్రే కొట్టినా లొంగకపోతే గేరు మార్చాలి. రెండు సందర్భాల్లోనూ బలం చూపించవద్దు. హ్యాండిల్ మెడ విరిగే మార్గం అదొక్కటే.

కొత్తగా ఎంచుకునే అవకాశం ఉంటే, ఒక్కచోట పట్టే లాక్ కన్నా రెండు మూడు చోట్ల పట్టే మల్టీపాయింట్ లాక్ మంచిది. ఎత్తైన రెక్కను మధ్యలో ఒక్కచోట పట్టుకుంటే పై మూల, కింది మూల వంగుతాయి. సందులో స్క్రూడ్రైవర్ దూర్చేది అక్కడే.

చెక్క కిటికీకి గడియ పడడం లేదు

మైలాపూర్, ట్రిప్లికేన్ పాత ఇళ్లలో ఇంకా టేకు కిటికీలే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమకు చెక్క ఉబ్బుతుంది, టవర్ బోల్టు, అంటే జారే కడ్డీ గడియ, రంధ్రానికి ఎదురుగా రాదు. ఆ వానల్లోనే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించారంటే వేసవికి చెక్క ఆరి సందు పడుతుంది, అప్పుడు గడియ వేసినా రెక్క కొట్టుకుంటుంది. తప్పనిసరైతే తప్ప ఫిబ్రవరి, మార్చి దాకా ఆగండి. పట్టించాక కోసిన అంచుకు, ముఖ్యంగా రెక్క అడుగు భాగానికి, ప్రైమర్, పెయింట్ వేయించండి. నీరు తాగేది అక్కడే, పెయింటర్లు వదిలేసేదీ అక్కడే.

ఎండాకాలంలోనూ పడకపోతే బందులు చూడండి. పై బందు స్క్రూలు వదులై రెక్క వాలిపోయి ఉంటుంది. చిల్లు పెద్దదైతే జిగురు రాసిన చెక్క పుల్లలు కొట్టి నింపి, మళ్లీ స్క్రూ బిగించండి.

బోల్టు కింద గట్టులోని చిల్లులోకి వెళ్లే కిటికీల్లో ఆ చిల్లు దుమ్ముతో, పాత సున్నంతో నిండిపోయి ఉంటుంది. బోల్టు కాస్త మాత్రమే దిగి ఆగిపోతుంది. చిల్లు తవ్వి, పైన ఇత్తడి పలక బిగిస్తే బోల్టు పూర్తిగా దిగుతుంది. ఇంకొకటి, బోల్టు ప్యాకెట్‌లో వచ్చే పొట్టి స్క్రూలు వాడవద్దు. ఫ్రేమ్ మందం ఉంటే 25 మి.మీ. లేదా 30 మి.మీ. స్క్రూలు వేయించండి. తంతే ఊడేది బోల్టు కాదు, స్క్రూలే.

కొక్కెం మాత్రమే ఉన్న కిటికీకి కనీసం ఒక టవర్ బోల్టు చేర్చండి. కొక్కెం రెక్క కొట్టుకోకుండా ఆపడానికే. 2016 డిసెంబరు 12న చెన్నై దగ్గర తీరం దాటిన వర్దా లాంటి గాలి వస్తే అది నిలవదు.

ఏడాదికే తుప్పు, మచ్చలు

సముద్రం పక్కనున్న తిరువాన్మియూర్, పాలవాక్కం, నీలాంగరై వాళ్లకు ఇది తెలిసిన బాధే. కొట్టువాడు "ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) సార్, తుప్పు పట్టదు" అని అయస్కాంతం పెట్టి చూపిస్తాడు. అయస్కాంతం అంటుకోకపోతే సరే అనుకుని కొనేస్తాం. కానీ చవకరకం 202 గ్రేడుకు కూడా అయస్కాంతం గట్టిగా అంటుకోదు, అది ఉప్పుగాలికి త్వరగా మచ్చలు తేలుతుంది. బిల్లులో గ్రేడు రాయించుకోండి. ఊరి లోపల 304 సరిపోతుంది. సముద్రం కనిపించే ఇంటికి 316 తీసుకోండి. అందులో ఉండే 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉప్పును తట్టుకుంటుంది. చెక్క కిటికీకైతే ఇత్తడి బోల్టే నా ఓటు. నల్లబడుతుంది కానీ పొరలుగా ఊడదు. ఇక్కడ మాత్రం అయస్కాంతం పనికొస్తుంది. అంటుకుందంటే అది ఇత్తడి పూత పూసిన ఇనుము.

అల్యూమినియం ఫ్రేమ్‌కు ఇనుప స్క్రూలు వేయించవద్దు. ఉప్పు తేమలో రెండు లోహాలు కలిసిన చోట తెల్లటి పొడి తేలి, స్క్రూ చుట్టూ ఫ్రేమ్ తినేస్తుంది. లాక్ బాగానే ఉండి మొత్తంగా ఊడి చేతికి వచ్చేది ఇందుకే.

నెలకోసారి హ్యాండిళ్లను మంచినీళ్ల గుడ్డతో తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టండి. కొబ్బరినూనె వేయకండి. మొదటి వారం బాగుంటుంది, తర్వాత దుమ్ముతో కలిసి జిడ్డు ముద్దవుతుంది. తాళంచెవి దూరే రంధ్రంలో నూనె ఏదీ వద్దు, పెన్సిల్ ముల్లు పొడి చాలు.

బాత్రూమ్ వెంటిలేటర్

గాజు పలకలు వరసగా ఉండే లూవర్లకు లాక్ అనేదే లేదు. అల్యూమినియం క్లిప్పు వంచితే పలక జారి చేతికి వస్తుంది. ఇంటి మొత్తానికి కొత్త లాకులు వేయించి దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. గ్రిల్ ఒక్కటే సరైన దారి. అప్పటిదాకా పలకల చివర్లను క్లిప్పుల్లో సిలికాన్‌తో అతికించండి.

గాజు పగలగొట్టి చెయ్యి పెడితే?

గ్రౌండ్ ఫ్లోర్, మొదటి అంతస్తు, టెర్రస్‌కు ఆనుకున్న కిటికీలకు తాళంచెవి ఉన్న హ్యాండిల్ వేయించండి. గాజు పగిలినా హ్యాండిల్ తిరగదు. టఫెన్డ్ గాజు దొంగను ఆపుతుందనుకోవడం పొరపాటు. అది పగిలితే చిన్న గుళికలుగా రాలిపోతుంది, మనకు గాయం కాకుండా ఉండడానికి అది. మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్న లామినేటెడ్ గాజు పగిలినా ఫ్రేమ్‌లోనే నిలుస్తుంది.

గ్రిల్ ఉందని నిశ్చింతగా ఉన్నవాళ్లు దాని స్క్రూలు ఎటు వైపు ఉన్నాయో చూడండి. బయటి నుంచి స్క్రూడ్రైవర్‌తో విప్పగలిగితే తలలను గ్రైండ్ చేయించండి లేదా వెల్డింగ్ పెట్టించండి. అయితే ఇంట్లో ఒక గ్రిల్‌కు మాత్రం లోపలి నుంచి తెరుచుకునే తలుపు ఉండాలి. మంటలు వస్తే బయటపడే దారి అదే. ఆ తాళంచెవి, కిటికీ హ్యాండిళ్ల చెవులు ఎక్కడున్నాయో ఇంట్లో అమ్మమ్మకూ, పిల్లలకూ కూడా తెలియాలి. కిటికీ నుంచి చెయ్యిగానీ కర్రగానీ అందనంత దూరంలో, చీకట్లో తడిమినా దొరికే చోట మేకుకు తగిలించండి. ఒకే మోడల్ హ్యాండిళ్లకు చాలావరకు ఒకటే చెవి సరిపోతుంది కాబట్టి గదికొకటి పెట్టుకోవడం కష్టం కాదు.

కొట్టుకు వెళ్లేటప్పుడు

ప్యారీస్ కార్నర్ వైపు పెద్ద కొట్లకు వెళ్లినా, వీధి చివర హార్డ్‌వేర్ షాపుకు వెళ్లినా, పాత ముక్కను వెంట తీసుకెళ్లండి. ఫోటోలో కొలతలు తెలియవు. యూపీవీసీ హ్యాండిల్‌కు రెండు స్క్రూల మధ్య దూరం చూడాలి, ఎక్కువ వాటికి 43 మి.మీ. స్పిండిల్ బయటికి ఎంత పొడుచుకొచ్చిందో కూడా కొలవండి. బయటికి తెరిచే అల్యూమినియం రెక్కల హ్యాండిళ్లలో ఎడమ, కుడి వేరుగా ఉంటాయి, లోపలి నుంచి చూస్తూ ఎటు తిరుగుతుందో రాసుకోండి. టవర్ బోల్టు మీద ఐఎస్ 204 (టవర్ బోల్టుల భారతీయ ప్రమాణం) గుర్తు ఉందేమో అడగండి. అన్ని కిటికీలకూ ఒకేసారి కొనకుండా ఒకటి తెచ్చి, బిగించి, మొదట చెప్పిన లాగడం, ఎత్తడం, ఊపడం చేసి చూసి, మిగతావి ఆ తర్వాత తెచ్చుకోండి. అద్దె ఇంటివాళ్లు ఊడదీసిన పాత హ్యాండిళ్లను స్క్రూలతో సహా కవర్లో కట్టి, ఏ గది కిటికీదో రాసి అటక మీద పెట్టండి. ఖాళీ చేసే రోజు ఓనర్ గారు అడిగేది వాటినే.