గూడు లేని బాలింతకు, ఆమె కవల పసికందులకు విరాళాలు సేకరించడం ఎలా?

నిలువ నీడ లేని తల్లి కవలలను కన్నదని తెలిస్తే చుట్టుపక్కలవారి మనసు కరగడానికి ఎంతో సేపు పట్టదు. అయితే ఆ ఆదరణ మొదటి వారంలో పొంగి, బాలింతకు ఇంకా ఒళ్లు కుదుటపడకముందే చల్లారిపోతుంది. అందువల్ల ఈ సేకరణను కనీసం ఆరు నెలల బాధ్యతగా మొదటి రోజే తలపెట్టాలి.

ముందుగా ఆ తల్లినే అడగాలి. తన పేరు చెప్పవచ్చునా, తన కథలో ఎంత భాగం నలుగురికీ తెలియవచ్చు అన్నది ఆమె నిర్ణయించవలసిన విషయం. అలసటలో ఇచ్చిన అంగీకారాన్ని మర్నాడు మరొకసారి అడిగి నిర్ధారించుకోవడం మంచిది. ఆమె హింసను తప్పించుకుని వచ్చి ఉంటే, ఉంటున్న చోటు బయటపడటమే ప్రాణాపాయం కావచ్చు. పిల్లల ముఖాలు చూపకపోతే డబ్బు తక్కువ వస్తుందని కొందరు అంటారు. తక్కువ వచ్చినా సరే, చూపకూడదనే నా అభిప్రాయం. ఆ పిల్లలు రేపు పెద్దవారవుతారు, ఆ ఫొటో మాత్రం చెరగదు.

తర్వాత అవసరాల జాబితాను ఆమె చెబుతుండగా రాసుకోవాలి. ఒక తల్లి దగ్గర నేను అలా కూర్చున్నప్పుడు, ఒక బిడ్డ పాలు తాగుతుండగా మరొక బిడ్డను ఒడిలో ఊపుతూ, ఆమె మొదట అడిగింది లోపలినుంచి గడియ పెట్టుకోగల తలుపు. రెండవది ఆసుపత్రి కాగితాలు తడవకుండా దాచుకునే సంచి. మేము ముందుగా రాసుకుని వెళ్లిన జాబితాలో ఆ రెండూ లేవు.

సాధారణంగా గది అద్దె, దానికి కట్టవలసిన అడ్వాన్సు అన్నిటికన్నా పెద్ద ఖర్చు. ఆ తర్వాతిది తల్లి ఆహారం. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. అప్పుడే పుట్టిన బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది కనుక, ఇద్దరికి పాలిచ్చే తల్లి తిండికీ విశ్రాంతికీ పెట్టే ఖర్చు ఆ పిల్లలపై పెట్టే ఖర్చే. పాలపొడి డబ్బాలను ఎవరికి తోచినట్టు వారు తెచ్చి ఇవ్వకూడదు. వాటికి శుభ్రమైన నీరు, మరిగించిన గిన్నెలు కావాలి, కాబట్టి అవి అవసరమా అన్నది తల్లి, వైద్య సిబ్బంది కలిసి తేల్చాలి. బట్టలు ఇస్తామనే వారిని తర్వాతి నెలల కొలతలవి తెమ్మని కోరండి, ఎందుకంటే పురిటి కొలత చొక్కాలు కొద్ది వారాలకే బిగుతవుతాయి.

కవలలు నెలలు నిండకుండా, 2.5 కిలోలకన్నా తక్కువ బరువుతో పుట్టడం తరచుగా జరుగుతుంది. మూడు నెలలలోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వచ్చినా వెంటనే వైద్యుడికి చూపించాలి. అందుకే నిధిలో కొంత భాగాన్ని అర్ధరాత్రి అయినా తీసుకోగలిగేలా విడిగా ఉంచాలి.

డబ్బు ఎవరి సొంత ఖాతాలోనూ కలవకూడదు. బంధుత్వం లేని ఇద్దరి సంతకాలతో నడిచే ప్రత్యేక ఖాతా తెరిచి, ప్రతి జమకు రసీదు ఇచ్చి, నెలకొకసారి లెక్క చూపాలి. ఆన్‌లైన్ వేదికను వాడితే అది ఎంత రుసుము మినహాయిస్తుందో, డబ్బు ఎన్ని రోజులకు చేతికందుతుందో ముందే చదువుకోవాలి. కొన్ని చోట్ల ఖాతాలో నిల్వ పెరిగితే ప్రభుత్వ సాయం ఆగిపోతుంది. పెద్ద మొత్తాన్ని ఆమె పేరున వేసేముందు ఆ నిబంధనను కనుక్కోవాలి. అద్దెను ఇంటి యజమానికే చెల్లించవచ్చు గాని, ఎవరికీ లెక్క చెప్పనవసరం లేని కొంత చేతిఖర్చు ఆమెకు ప్రతి వారం అందాలి.

విజ్ఞప్తి క్లుప్తంగా ఉండాలి: "ఇటీవల ప్రసవించిన ఒక తల్లికి, ఆమె ఇద్దరు బిడ్డలకు ఆరు నెలలపాటు అద్దె గది కావాలి. నెలకు ఒక వాటా చొప్పున ఇచ్చే 20 మంది కోసం చూస్తున్నాం. మిగిలిన సొమ్మును ఆమె కోరిన అవసరానికే వాడతాం." ఇలా నెలవారీ వాటాలుగా అడిగితే అద్దె తేదీకి చేతిలో డబ్బు ఉంటుంది. దాతలు పిల్లలను చూడాలని ఆశపడటం సహజమే, అయినా పసికందులకు అంటువ్యాధులు సులభంగా సోకుతాయి. ఆమె స్వయంగా పిలిస్తే తప్ప ఎవరూ వెళ్లకూడదు.

నాలుగో నెలలోనే ఆమెతో కూర్చుని, ఆరు నెలల తర్వాత అద్దె ఎలా కట్టుకోగలదో, పనికి వెళితే పిల్లలను ఎవరు చూస్తారో మాట్లాడాలి. అవసరమైతే గడువు పెంచుతున్నామని దాతలకు అప్పుడే తెలియజేయాలి. ఈలోగా పిల్లల జననాలను నమోదు చేయించాలి. జనన ధ్రువపత్రాలు, టీకా కార్డులు, గది ఒప్పందం నిర్వాహకుల ఫైలులో కాక, ఆమె అడిగిన ఆ సంచిలోనే ఉండాలి.