‘ద్వంద్వం’ అనే మాట అర్థం, పుట్టుక తెలుసుకోవడం ఎలా?

జంట, జత, జోడు, కవ. రెండింటిని కలిపి చెప్పే మాటలకు తెలుగులో కొదవ లేదు. వీటి పక్కన సంస్కృతం నుంచి వచ్చిన ‘ద్వంద్వం’ ఉంది. మాటల పుట్టుక వెతకడం నేర్చుకోవాలనుకునేవాళ్లు దీనితోనే మొదలుపెట్టాలని నా సలహా, ఎందుకంటే దీని కథ సగం దీని ఒంటిమీదే రాసి ఉంది.

1. ముందు మాటను విడదీసి పలకండి

నిఘంటువు ఇంకా తెరవొద్దు. ద్వం... ద్వం. ‘ద్వి’ అంటే రెండు. దాన్నే రెండుసార్లు పలికితే ఈ మాట పుట్టింది. మనం ‘ఇద్దరిద్దరు రండి’ అనేది ఇలాంటి పద్ధతే. జతను చెప్పే మాట తానే ఒక జత కావడం నాకు ఎప్పటికీ ముచ్చటే.

2. పాత వాడుక చూడండి

పాణిని తన సంస్కృత వ్యాకరణ గ్రంథం అష్టాధ్యాయిలో (8.1.15) ఈ మాట ఏ ఏ సందర్భాల్లో వస్తుందో చెప్పాడు. వాటిలో ఒకటి రహస్యం: ఇద్దరిద్దరుగా పక్కకు వెళ్లి మంతనాలాడటం. మరొకటి యజ్ఞపాత్రలను వాడటం, అంటే పాత్రలను రెండేసి చొప్పున అమర్చడం. ‘జతలుగా అమర్చడం’ అనే అర్థం అక్కడ కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

3. ఇప్పటి వాడుకలను పక్కపక్కన రాసుకోండి

ద్వంద్వ యుద్ధం, ద్వంద్వార్థం, ద్వంద్వ వైఖరి, ద్వంద్వ సమాసం. ఇప్పుడు ఒక్కోదాన్నీ అడగండి: ఇందులో ఆ ‘రెండు’ ఏమిటి? యుద్ధంలో ఇద్దరు మనుషులు. ద్వంద్వార్థంలో ఒకే మాటకు రెండు అర్థాలు. వైఖరిలో ఒకే మనిషికి రెండు నాలుకలు. చలి–వేడి, సుఖం–దుఃఖం వంటి విరుద్ధాల జతలనూ ద్వంద్వాలే అంటారు. భగవద్గీతలో ‘నిర్ద్వంద్వుడు’ వాటికి అతీతుడు.

సమాసం దగ్గర కాస్త ఆగండి. తల్లిదండ్రులు, అన్నదమ్ములు అన్నప్పుడు రెండు పదాలకూ సమాన ప్రాధాన్యం. ఒకటి మరోదానికి విశేషణం కాదు. సంస్కృతంలో ఏకవచనం, బహువచనం మధ్య ద్వివచనం కూడా ఉంది కాబట్టి ‘రామలక్ష్మణౌ’ అనగానే ఇద్దరని తెలిసిపోతుంది. తెలుగులో ద్వివచనం లేదు, బహువచనంతోనే సరిపెట్టుకుంటాం. ఇంకో విశేషం: పేరులో రెండు ఉన్నా, ధర్మార్థకామమోక్షాలు అని నాలుగింటిని కలిపినా అది ద్వంద్వమే. మూలార్థం తెలిసినంత మాత్రాన నేటి అర్థానికి గిరి గీయకూడదని ఈ ఒక్క ఉదాహరణే చెబుతుంది.

4. చుట్టాలను వెతకండి, పోలికను మాత్రం నమ్మకండి

లాటిన్ ‘దుఓ’, పారశీక ‘దో’, ఇంగ్లీషు ‘టూ’ ఇవన్నీ ‘ద్వి’కి చుట్టాలే. ‘టూ’లో దకారం లేదేమని అనుమానం వస్తే దశ–టెన్, దంత–టూత్ పక్కపక్కన పెట్టి చూడండి: సంస్కృతంలో ద ఉన్నచోట ఇంగ్లీషులో ట వస్తోంది. ఒక్క మాట పోలిక యాదృచ్ఛికం కావచ్చు. వరసగా అదే మార్పు కనిపిస్తే బంధుత్వం.

ఇక్కడే చాలామంది జారిపడతారు. ఆర్మేనియన్ భాషలో రెండును ‘ఎర్కు’ అంటారు. కన్నడ ‘ఎరడు’కు దగ్గరగా వినిపిస్తుంది కదా! కానీ ‘ఎర్కు’ చుట్టరికం ‘ద్వి’తో. పాత ‘ద్వ’ ధ్వని ఆ భాషలో ‘ఎర్క్’గా మారిందని భాషావేత్త ఆంత్వాన్ మెయ్యే చూపించాడు. కన్నడ ‘ఎరడు’, తమిళ ‘ఇరండు’, మన ‘రెండు’ ద్రావిడ కుటుంబానివి. ‘ద్వి’ నుంచి ‘రెండు’ వచ్చిందని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి.

5. చివరగా నిఘంటువు

మీరు రాసుకున్నదాన్ని సరిచూసుకోవడానికి ఇప్పుడు తెరవండి. తెలుగులో ఈ మాటకున్న అర్థాలకు బ్రౌణ్య నిఘంటువు (1852), సూర్యరాయాంధ్ర నిఘంటువు చూడండి. ‘ద్వంద్వం’ పుట్టుకకు సంస్కృత నిఘంటువు కావాలి. ‘రెండు’ పుట్టుకకు బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు చూడాలి. అందులో రెండో కూర్పు (1984) వాడండి.