పర్యాటకుడు పెట్టే రూపాయి ఊళ్లోనే నిలవాలంటే ఏం చేయాలి?

పర్యాటకం వల్ల రాష్ట్రానికి కలిగే లాభం గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా ఎంతమంది వచ్చారన్న అంకె దగ్గరే ఆగిపోతాం. వచ్చినవారు పెట్టిన ఖర్చు ఎవరి చేతికి చేరింది, అందులో ఎంత ఆ ఊళ్లో మిగిలింది అన్న ప్రశ్న అరుదుగా వేసుకుంటాం. రాష్ట్ర ఖజానాకు డబ్బు చేరే దారి ముందే ఏర్పడి ఉంది. పర్యాటకుడు దిగిన గదికీ, హోటల్లో తిన్న భోజనానికీ కట్టే జీఎస్టీలో సగం రాష్ట్రానికి వస్తుంది, కారులో పోయించుకున్న పెట్రోలు మీద వ్యాట్ వస్తుంది. ఊరికి మాత్రం అలాంటి దారి ఏదీ దానంతట అది ఏర్పడదు, ఊరివాళ్లే కూర్చుని వేసుకోవాలి. సర్పంచులకు, వార్డు సభ్యులకు, మహిళా సంఘాలకు, చేనేత సహకార సంఘాలకు, ఊరి కోసం ఏదైనా చేయాలన్న తపన ఉన్న యువకులకు ఆ పని ఎలా చేయాలో చెప్పడానికే ఈ వ్యాసం.

ఉదాహరణగా భూదాన్ పోచంపల్లిని తీసుకుంటున్నాను. యాదాద్రి భువనగిరి జిల్లాలో, హైదరాబాద్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరికి రావడానికి కారణాలు రెండు. 1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావే ఇక్కడికి వచ్చినప్పుడు భూమి లేని దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. భూదానోద్యమం అక్కడ మొదలైంది. రెండో కారణం చిటికి పద్ధతిలో, అంటే నూలును ముందే కట్టి రంగు అద్ది, నేసే ఇక్కత్ వస్త్రం, దీనికి 2005లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. ఇన్ని ఉన్నా, పొద్దున వచ్చి మధ్యాహ్నానికి వెళ్లిపోయే కార్ల వల్ల మగ్గం మీద కూర్చున్న మనిషికి ఎంత దక్కుతుందన్నది వేరే ప్రశ్న. ఇలాంటి పేరున్న ప్రతి ఊరికీ ఇదే వర్తిస్తుంది.

ముందు లెక్క రాయండి

కొత్త భవనం కోసం, స్వాగత తోరణం కోసం వినతిపత్రం రాసే ముందు ఒక నోటుపుస్తకం కొనండి. నాలుగు ఆదివారాలు, ఒక మామూలు పనిరోజు ఎంచుకుని, డిగ్రీ చదువుతున్న ఇద్దరు పిల్లలను బస్టాండు దగ్గర, బండ్లు ఆగేచోట కూర్చోబెట్టండి. తిరిగి వెళ్తున్న వారిని మర్యాదగా ఐదు సంగతులు అడిగితే చాలు: ఎక్కడి నుంచి వచ్చారు, ఎన్ని గంటలు ఉన్నారు, ఏం తిన్నారు, ఏం కొన్నారు, ఏది దొరక్క వెనుదిరిగారు. పేర్లు, ఫోను నంబర్లు అడగనక్కర్లేదు.

తర్వాత ఆ ఖర్చును విడదీయాలి. నలుగురున్న కుటుంబం ఒకటి ఆ రోజు మొత్తం 4,000 రూపాయలు ఖర్చు పెట్టిందనుకుందాం. అందులో 1,200 పెట్రోలుకు నగరంలోనే అయిపోయింది. 900 హైవే మీది హోటల్లో టిఫినుకూ భోజనానికీ పోయింది. 1,700 పెట్టి ఊళ్లోని ఒక దుకాణంలో చీర కొన్నారు, 200 చిల్లర ఖర్చు. చూడటానికి ఊళ్లో 1,900 ఖర్చయినట్టుంది. కానీ ఆ చీర ఎక్కడో మిల్లులో అచ్చువేసి తెచ్చినదైతే, దుకాణదారు లాభం తప్ప మిగతాదంతా ఊరు దాటినట్టే. అదే చీర ఇక్కడి మగ్గం మీద నేసినదైతే నూలును మేకుల మీద చుట్టి ఆసు పోసిన మనిషికి, చిటికి కట్టిన మనిషికి, రంగు అద్దినవారికి, నేసినవారికి తలా కొంత అందుతుంది. ఒకే ధర పలికిన రెండు చీరల మధ్య ఊరికి ఇంత తేడా ఉంటుంది. ఈ తేడాను అంకెల్లో చూపిస్తే గ్రామసభలో ఎవరికైనా అర్థమవుతుంది.

రెండు గంటలను ఒక పూటగా మార్చడం

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. అతిథి ఎక్కువసేపు ఆగితే తింటాడు, తాగుతాడు, కొంటాడు, రాత్రికి ఉంటే ఇంకా ఎక్కువ ఖర్చు పెడతాడు. ఆగాలంటే చూడదగినదేదో నిదానంగా చూపించాలి.

చేనేత ఊరికి ఆ కొరత లేదు. ఆసు పోయడం దగ్గర మొదలుపెట్టండి. ఒక చివర ఒకే మేకు, ఎదుట అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు ఉన్న ఆసు ముందు కూర్చున్న మహిళ దారాన్ని ఒక మేకు చుట్టూ తిప్పి, చేయి చాచి ఇవతలికి తెచ్చి, మళ్లీ పక్క మేకుకు తీసుకువెళ్తుంది. ఒక చీరకు ఇలా దాదాపు 9 వేల సార్లు చేయి ఆడాలి. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రాన్ని తయారుచేశారని, దానికి 2017లో పద్మశ్రీ వచ్చిందని అక్కడే చెప్పండి. అతిథి చేతికి దారం ఇచ్చి ఇరవై సార్లు తిప్పమనండి. తర్వాత గ్రాఫు కాగితం మీది డిజైను ప్రకారం దారపు కట్టలకు రబ్బరు ముక్కలు బిగించి కట్టడం, కట్టినచోట రంగు ఎక్కకుండా ఉండటం, విప్పితే నూలులోనే బొమ్మ కనిపించడం చూపించండి. చివరగా మగ్గం దగ్గర పడుగులోని (నిలువు దారాల) బొమ్మా పేకలోని (అడ్డ దారాల) బొమ్మా సరిగ్గా ఒకదానిమీద ఒకటి పడేలా నేతకారుడు దారాన్ని వేలితో సర్దే క్షణం చూపించండి. ఇదంతా చూసినవారు చీర ధర గురించి బేరమాడటానికి వెనకాడతారు.

ఇక్కడొక అన్యాయం జరుగుతుంటుంది, దాన్ని మొదటే ఆపాలి. గుంపులు గుంపులుగా ఇంట్లోకి వచ్చి ఫోటోలు తీసుకుని వెళ్తే, ఆ గంటసేపు ఆ ఇంటి పని ఆగిపోతుంది. నేతపని చేసిన కొద్దీ వచ్చే కూలి, కాబట్టి ఆగిన గంటకు నష్టం ఆ కుటుంబానిదే. అందుకని ప్రదర్శనకు తలకింత అని రుసుము పెట్టండి. అది ఎంతో నేతకారులే కూర్చుని నిర్ణయించాలి. పది, పదిహేను ఇళ్లను వంతులవారీగా ఎంచి, ఏ రోజు ఏ ఇల్లు అన్నది సంఘం కార్యాలయం గోడమీద రాయండి. రుసుములో ఎక్కువ భాగం ఆ ఇంటికి, కొంత తీసుకువెళ్లిన స్థానిక గైడుకు, మిగిలినది ఉమ్మడి నిధికి చెందాలి. ఫోటో తీసేముందు అడగాలన్న సంగతి అతిథికి ముందే చెప్పడం గైడు బాధ్యత. వంటగది, దేవుడి గూడు, నిద్రపోతున్న పిల్లలు చూపించే వస్తువులు కాదు.

గైడుకు చరిత్ర బట్టీ పట్టించనక్కర్లేదు. అసలు ఇక్కత్‌కూ అచ్చు బట్టకూ తేడా గుర్తుపట్టించగలిగితే సగం పని అయినట్టే. నేతకు ముందే నూలుకు రంగు వేస్తారు కాబట్టి ఇక్కత్‌లో బొమ్మ రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది, అంచులు కాస్త చెదిరినట్టు, ఈకల్లా ఉంటాయి. అచ్చు బట్టను తిరగేస్తే వెనకవైపు రంగు వెలిసినట్టుంటుంది, గీతలు కత్తితో కోసినట్టు తిన్నగా ఉంటాయి. ఈ పరీక్షను ప్రతి దుకాణంలో అతిథి స్వయంగా చేసి చూసుకునేలా ఒక చిన్న బోర్డు పెట్టించండి. బిల్లు మీద నేసినవారి పేరు వారి అనుమతితో వేస్తే మరీ మంచిది.

కారు డ్రైవర్లకు కొన్ని దుకాణాలు కమీషన్ ఇవ్వడం, ఆ కమీషన్ కోసం వారు అతిథిని అక్కడికే తీసుకువెళ్లడం చాలాచోట్ల ఉన్నదే. తిట్టుకుని లాభం లేదు. డ్రైవరుకు నీడలో కూర్చునే చోటు, భోజనం, అందరికీ తెలిసేలా ఒకే రేటు సంఘమే ఇస్తే, సొసైటీ షోరూముకు కూడా కార్లు వస్తాయి.

భోజనం, బస

కేరళలోని కుమరకంలో 2008 నుంచి జరిగిన పని మనవాళ్లు తప్పక తెలుసుకోవాలి. రిసార్టులు వచ్చినా తమకు ఏమీ రావడం లేదని అక్కడి ప్రజలకు అసంతృప్తి ఉండేది. బాధ్యతాయుత పర్యాటకం పేరుతో ప్రభుత్వం, పంచాయతీ, హోటళ్లు ఒకచోట కూర్చుని, కుటుంబశ్రీ మహిళా బృందాలు పండించిన కూరగాయలు, ఇతర సరుకులు హోటళ్లు కొనేలా ఏర్పాటు చేశాయి. సాగు లేక బీడుపడిన పొలాలు కొన్ని దాంతో మళ్లీ పంటకు వచ్చాయి. హోటల్ వంటగదికి కావలసింది రోజూ ఒకే నాణ్యత, చెప్పిన వేళకు సరుకు, ముందే ఖాయమైన ధర. ఈ మూడూ ఒక్క రైతు ఒంటరిగా ఇవ్వలేడు, సంఘం ఇవ్వగలదు.

మనకు ఆ సంఘం ఇప్పటికే ఉంది. స్వయం సహాయక బృందాలు, గ్రామ సమాఖ్య, స్త్రీనిధి రుణం, ఇవేవీ కొత్తగా పుట్టించాల్సినవి కావు. భోజనశాల కట్టడం నుంచి మొదలుపెట్టకండి. ముందురోజు సాయంత్రంలోగా ఫోనులో చెబితే వండిపెట్టే నాలుగైదు ఇళ్లతో మొదలుపెట్టండి. జొన్నరొట్టె, నాటుకోడి కూర, పచ్చిపులుసు, సర్వపిండి వంటివి నగరం నుంచి వచ్చినవారు వెతుక్కుని తింటారు. వారికోసం నూడుల్స్ నేర్చుకోవడం అనవసరం. ఎన్ని ప్లేట్లో ముందే తెలుస్తుంది కాబట్టి వృథా ఉండదు, పెట్టుబడి తక్కువ. ఆహారం అమ్మేవారు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐలో (కేంద్ర ఆహార భద్రతా సంస్థలో) నమోదు చేసుకోవాలి, చిన్న వ్యాపారాలకు ఇది సులభమైన ప్రక్రియ.

ఇంట్లోనే అతిథికి గది ఇవ్వాలనుకునేవారికి కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకం ఉంది. యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండాలి, ఒకటి నుంచి ఆరు గదుల వరకు ఇవ్వవచ్చు. విదేశీ అతిథి దిగితే 24 గంటల్లోగా ఆ వివరాలు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి తెలపడం తప్పనిసరి, దీన్ని మరిచిపోతే చిక్కులు వస్తాయి. దేశీయ అతిథుల గుర్తింపు పత్రాలు చూసి రిజిస్టరులో రాయండి. పరుపు, దోమతెర, వేడినీళ్లు, లోపల గడియ ఉన్న స్నానాలగది ఉంటే పల్లెటూరి ఇంట్లో ఉండటానికి ఇష్టపడేవారు ఉన్నారు. లోపల గడియ లేకపోతే మాత్రం ఎవరూ రెండోసారి రారు.

పంచాయతీ చేయాల్సినవి

ఒక్కటే చేయగలిగే స్తోమత ఉంటే మరుగుదొడ్లు కట్టించండి. కుటుంబంతో వచ్చిన స్త్రీలు ఊళ్లో ఎంతసేపు ఉండాలన్నది నిర్ణయించేది అవే. సెల్ఫీ పాయింటు కోసం పెట్టే డబ్బుతో శుభ్రమైన మరుగుదొడ్లు నడపడానికి ఒక మనిషికి ఏడాది జీతం ఇవ్వవచ్చు. ఆ ఉద్యోగం కూడా ఊరివారికే వస్తుంది.

పార్కింగు రుసుమును తైబజారులా వేలం వేసి ఎవరికో అప్పగించడం కంటే, మహిళా సమాఖ్యకు నడపమని ఇస్తూ పంచాయతీ తీర్మానం చేస్తే మేలు. వచ్చిన డబ్బు చెత్త ఎత్తడానికి, తాగునీటికి, దీపాలకు ఎంత ఖర్చయిందో ప్రతి నెలా పంచాయతీ గోడమీద రాయాలి. పర్యాటకులతో ఏ సంబంధమూ లేని కుటుంబాలు కూడా వారిని ఆదరించాలంటే, వారి వీధిలో దీపం వెలగడం కనిపించాలి. మగ్గం లేనివారు, కూలికి వెళ్లేవారు, ఊరి చివర ఉండేవారు ఈ నిధి గురించి మాట్లాడే కమిటీలో లేకపోతే, కొన్నాళ్లకు ఇది నాలుగు ఇళ్ల వ్యాపారంగా మిగిలిపోతుంది.

భూమి సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఊరికి పేరు రాగానే ధరలు పెరిగి, రోడ్డు పక్క స్థలాలు బయటివారి చేతుల్లోకి వెళ్తాయి. అరకు లాంటి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1/70 చట్టం గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించింది, గ్రామసభకు 1996 నాటి పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) బలం ఉంది. అందువల్ల అక్కడ హోంస్టే, కాఫీ దుకాణం, బొంగులో చికెన్ అమ్మే పాక గిరిజన కుటుంబాల పేరిట, వారి చేతిలోనే ఉండాలి. బినామీ పేరుతో నడిచేది చట్టం ముందు నిలవదు, ఊరికీ మిగలదు. మైదాన ప్రాంతాల్లో అలాంటి రక్షణ లేదు కాబట్టి, అమ్మకం కంటే లీజుకు ఇవ్వడం మేలని ఇళ్లవాళ్లకు నచ్చజెప్పాలి.

రాష్ట్రాన్ని ఏం అడగాలి

ఒక్క ఊరు ఎంత బాగా చేసుకున్నా, పక్క ఊళ్లతో కలిస్తేనే రాత్రి బస సాధ్యమవుతుంది. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన పాలంపేట రామప్ప ఆలయాన్నే చూడండి. వరంగల్ నుంచి పొద్దున వచ్చి గుడి చూసి వెళ్లిపోతే ఊరికి మిగిలేది కొబ్బరికాయల డబ్బే. అదే సాయంత్రం రామప్ప చెరువు, మర్నాడు లక్నవరం సరస్సు కలిపి చూపిస్తే రెండు భోజనాలు, ఒక గది, ఒక గైడు అవసరమవుతాయి. పోచంపల్లి ఉన్న జిల్లాలోనే తేలియా రుమాళ్లు (నూనె పట్టించిన నూలుతో నేసే వస్త్రాలు) నేసే పుట్టపాక కూడా ఉంది, రెండూ కలిపి చూపించాలి.

కాబట్టి అధికారుల దగ్గరికి వెళ్లినప్పుడు చిన్నవి, కచ్చితమైనవి అడగండి. సాయంత్రం చివరి ఆర్టీసీ బస్సు ఒక గంట ఆలస్యంగా బయల్దేరేలా సమయం మార్చమనండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆయా రాష్ట్రాల స్త్రీలకు కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. టిక్కెట్టుకు పోని డబ్బు ఊళ్లో ఖర్చు పెట్టగల ఈ ప్రయాణికులను మనం ఇంకా లెక్కలోకి తీసుకోవడం లేదు. రెండు ఊళ్ల మధ్య రోడ్డు మీద తెలుగులో స్పష్టమైన దారి బోర్డులు అడగండి, గైడులకు పది రోజుల శిక్షణ అడగండి.

ఏడాది తర్వాత అవే నాలుగు ఆదివారాలు, అవే ఐదు ప్రశ్నలు, అదే నోటుపుస్తకం. ఎంతమంది వచ్చారన్నది ఆఖరున చూడండి. ముందు సగటున ఎన్ని గంటలు ఆగారు, ఎన్ని ఇళ్లకు డబ్బు అందింది, దొరకలేదన్న వాటిలో ఎన్ని ఇప్పుడు దొరుకుతున్నాయి అన్నవి పోల్చి, ఆ పేజీని గ్రామసభలో చదివి వినిపించండి. తర్వాతి ఏడాది ఏ ఇంట్లో గది తయారుచేయాలో, ఏ వీధికి దీపం వేయాలో అక్కడ కూర్చున్నవాళ్లే చెబుతారు.