నేల మీది పట్లు చూడటం ఎలా: జిమ్ మిల్లర్ పోటీలతో మొదలుపెట్టండి

మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ (గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ కలిసిన ఆట) పోటీలో ఇద్దరూ కిందపడగానే ఫోను చేతిలోకి తీసుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. వాళ్లలో మా మేనల్లుడు మొదటివాడు. “ఇక కౌగిలింతలే కదా మామయ్యా” అంటాడు. కుర్రతనంలో కుస్తీ పట్టినవాణ్ణి, నాకు ఒళ్లు మండుతుంది. అసలు పని మొదలయ్యేది అక్కడే మరి.

ముందుగా ఒక్క మనిషిని ఎంచుకోండి. నన్నడిగితే జిమ్ మిల్లర్. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, స్పార్టా ఊరివాడు. బడిలో కుస్తీ, ఆ తరువాత బ్రెజిలియన్ జుజుత్సు, అంటే నేల మీది పట్ల విద్య. 2008లో ఈ పోటీలు నడిపే పెద్ద సంస్థ యూఎఫ్‌సీలో అడుగుపెట్టి, అందులో అందరికన్నా ఎక్కువ పోటీల్లో తలపడ్డాడు. ఆ సంస్థ అంకెలతో పిలిచే వేదికల్లో యూఎఫ్‌సీ 100, 200, 300 మూడింటిలోనూ తలపడినవాడు అతనొక్కడే. యూఎఫ్‌సీ ఛాంపియన్ బెల్టు కోసం మాత్రం ఒక్కసారీ అవకాశం రాలేదు. నా లెక్కలో అదీ మంచిదే: బెల్టు గొడవ లేదు కాబట్టి చూపంతా పని మీదే ఉంటుంది.

మొదట 2010 డిసెంబరు, మాంట్రియల్, చార్లెస్ ఒలివెయిరాతో పోటీ. అప్పటికి ఓటమి ఎరుగని కుర్రాడు, 2021లో ఛాంపియన్ అయినవాడు. రెండు నిమిషాల లోపే అయిపోతుంది. వ్యాఖ్యానం నోరు నొక్కేసి ఒకసారి చూడండి. ఏమీ అర్థం కాకపోయినా పర్వాలేదు. రెండోసారి వేగం తగ్గించి, ముఖాల జోలికి పోకుండా మిల్లర్ నడుమును మాత్రమే చూడండి. ఎదుటివాడి కాలును రెండు తొడల మధ్య ఇరికించుకుంటాడు. మడమ ఛాతీకి చేరుతుంది, నడుము మోకాలికి అడ్డంగా వచ్చి ముందుకు తోస్తుంది. మోకాలు మడవకూడని వైపు మడవబోతుంది. లాగేది చేతులని అనుకుంటాం గానీ బలమంతా నడుముదే. అది కంటికి ఆనిందంటే సగం చదువు అయిపోయినట్టే.

వెంటనే 2018లో వాళ్లిద్దరి రెండో పోటీ పెట్టండి. ఈసారి ఒలివెయిరా వెనక్కి చేరి మెడ పట్టి, ఇంకా త్వరగా ముగించాడు. ఇక్కడ చూడాల్సింది చేతులు. వెనక ఉన్నవాడి ముంజేయి గొంతు కిందికి దూరాలని చూస్తుంటే, ముందున్నవాడు ఆ మణికట్టును రెండు చేతులా పట్టి కిందికి లాగాలి. చేతులు కదలడం లేదని విసుక్కోకండి, ప్రాణం అక్కడే ఉంది.

ఊపిరి ఎలా దాచుకోవాలో తెలియాలంటే 2012 చివర్లో జో లాజన్‌తో జరిగిన పోటీని మధ్యలో ఆపకుండా పదిహేను నిమిషాలూ చూడండి. రక్తం చాలా ఉంది, చిన్నపిల్లల ముందు వద్దు.

ఇక డొనాల్డ్ సెరోనీ. 2014లో తలపై తన్ని మిల్లర్‌ను పడగొట్టాడు. 2022లో మిల్లర్ గిలటిన్ పట్టుతో, అంటే ఎదుటివాడి మెడను ముందునుంచి చేత్తో బిగించే పట్టుతో, బదులు తీర్చాడు. ఈ రెండింటి నడుమ మిల్లర్‌కు పిడుదు కాటుతో వచ్చే లైమ్ జబ్బు బయటపడింది. కీళ్లనొప్పులూ నీరసమూ తెచ్చే రోగం అది. గట్టి మనిషంటే దెబ్బలు తినేవాడని చాలామంది అనుకుంటారు. నాకు మాత్రం శరీరం సహకరించని ఏళ్లలో కూడా పట్టు మరచిపోనివాడే గట్టివాడు.

గిలటిన్‌లో మూడు చోట్లు గమనించండి. ఎదుటివాడి తల చంక కిందికి వచ్చిందా, ముంజేతి ఎముక గొంతు కింద సరిగా కూర్చుందా, కాళ్లు నడుమును చుట్టాయా. కాళ్లు వదులైతే అవతలివాడు పక్కకు దూకి తల లాక్కుంటాడు. మూడూ కుదిరాయంటే ఉడుం పట్టే, చేత్తో తట్టి ఓటమి ఒప్పుకోవడం తప్ప దారి లేదు.

పరీక్షగా 2024 నవంబరులో డేమన్ జాక్సన్‌తో జరిగిన పోటీ పెట్టుకోండి. ముగింపు గిలటిన్‌తోనే, మొదటి రౌండులోనే. జాక్సన్ తట్టకముందే “అయిపోయింది” అని మీ నోట వస్తే, 2025లో ఛేజ్ హూపర్‌తో జరిగిన పోటీకి వెళ్లండి. అందులో మిల్లర్ పాయింట్లతో ఓడాడు. ఎక్కడ వెనకబడ్డాడో ఈసారి మీరే చెప్పాలి.