బ్రేకు తొక్కితే ఇండికేటర్ వెలుగుతోందా? పాత కారు వైరింగ్‌లో తప్పు పట్టుకునే పద్ధతి

కుడి ఇండికేటర్ వేస్తే వెనక పార్కింగ్ లైటు కూడా దానికి తాళం వేస్తోంది. బ్రేకు తొక్కితే ఇండికేటర్ బల్బు సన్నగా వెలుగుతోంది. ఒక వానాకాలంలో మా పాత కారుకు పట్టిన రోగం ఇది. ముందు ఇండికేటర్‌ను వెలిగించి ఆర్పే ఫ్లాషర్ రిలే మార్పించాను. తర్వాత బల్బులు, ఆ తర్వాత ఏకంగా ఇండికేటర్ స్విచ్చి. డబ్బులు పోయాయి గానీ రోగం పోలేదు. చివరికి చూస్తే వెనక లైటు దగ్గర వైరును బాడీకి బిగించిన స్క్రూ తుప్పు పట్టి ఉంది. ఉప్పుకాగితంతో రెండు నిమిషాలు రుద్ది బిగించాను, అంతే. అప్పటి నుంచి ఏ పార్టయినా కొనే ముందు వోల్టులు, ఆంపియర్లు కొలిచే మల్టీమీటర్ బయటికి తీస్తున్నాను.

ఇక్కడ చెప్పేవి కంప్యూటర్ లేని, లేదా నామమాత్రంగా ఉన్న కార్ల గురించి. మారుతి 800 తయారీ 1983లో మొదలై 2014లో ఆగింది. అంబాసిడర్ కూడా ఆ ఏడాదే ఆగిపోయింది. అంటే ఇప్పుడు రోడ్డు మీద ఉన్నవాటిలో చిన్నదానికీ పదేళ్లు దాటాయి. వైర్ల మీది ప్లాస్టిక్ గట్టిపడి ఉంటుంది. దానికి తోడు స్టీరియో అనీ, ఫాగ్ లైట్లనీ ఎవరెవరో వేసిన జాయింట్లు.

చేతిలో ఉండాల్సినవి: మామూలు డిజిటల్ మల్టీమీటర్, 10 నంబరు స్పానర్, ఉప్పుకాగితం, రెండు వైర్లు కలిపిన ఒక పాత 21 వాట్ల ఇండికేటర్ బల్బు. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ ముందు తీయండి, బిగించేటప్పుడు దాన్ని చివర బిగించండి. ప్లస్ విప్పుతుండగా స్పానర్ బాడీకి తగిలితే వచ్చే నిప్పురవ్వలు చూసినవాళ్లు ఈ వరస మర్చిపోరు. ఉంగరం, వాచీ కూడా తీసి పక్కన పెట్టండి.

ఒక స్విచ్చి వేస్తే ఇంకో లైటు వెలగడం

దాదాపు ఎప్పుడూ ఇది ఎర్త్ సమస్యే. కారులో బ్యాటరీ మైనస్‌ని బాడీకి కలిపేస్తారు. బల్బు దాకా ప్లస్ వైరు వస్తుంది, కరెంటు తిరిగి వెళ్లడానికి మాత్రం ఇనుప బాడీయే దారి. వెనక లైట్ల గుత్తిలో ఇండికేటర్, బ్రేకు, పార్కింగ్ బల్బులన్నిటికీ కలిపి సాధారణంగా ఒకటే ఎర్త్ వైరు ఉంటుంది. అది లూజైతే కరెంటు ఊరుకోదు, పక్క బల్బు ఫిలమెంటులోంచి వెనక్కి దారి వెతుక్కుంటుంది. అందుకే సంబంధం లేని లైటు వెలుగుతుంది.

పరీక్ష చేసేటప్పుడు చాలామంది ఒకచోట మోసపోతారు. నేనూ మోసపోయాను. మీటరును 'బీప్' మోడ్‌లో పెట్టి ఎర్త్ వైరు చూస్తే బీప్ అంటుంది, వైరు బాగుందనుకుంటాం. వైరులో ఒక్క పోగు మిగిలి ఉన్నా మీటరు బీప్ అంటుంది. ఆ ఒక్క పోగు బల్బుకు కావాల్సిన కరెంటును మొయ్యలేదు. కాబట్టి లైటు వెలుగుతుండగానే కొలవాలి. మీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టండి. నల్ల ప్రోబు (మీటరు వైరు చివరి మొన) నేరుగా బ్యాటరీ మైనస్ బుడిపెకి, ఎర్రది బల్బు హోల్డరు ఎర్త్ వైపు. పొడవు చాలకపోతే ఒక వైరు ముక్క కలుపుకోండి. 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టే. ఒక వోల్టో రెండో చూపిస్తే దొంగ దొరికినట్టే. ఇదే కొలత లైటు ఆపి చూస్తే సున్నా వస్తుంది, దాన్ని నమ్మకండి.

స్క్రూ విప్పి, రింగు టెర్మినల్‌నీ బాడీ రేకునీ లోహం మెరిసేదాకా రుద్దండి. బిగించాక పైన కాస్త వాజెలిన్ రాయండి. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ వాజెలిన్ తప్పనిసరి.

సెల్ఫ్ 'టక్' మని ఊరుకోవడం

ముందు బ్యాటరీ సంగతి తేల్చుకోండి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12 ఉంటే దాదాపు ఖాళీ. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. రాకపోతే బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో (ఆల్టర్నేటర్) వైపు చూడాలి.

బ్యాటరీ బాగుండి కూడా సెల్ఫ్ తిరగకపోతే ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీని అనుమానించండి. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, రబ్బరులోంచి కరెంటు పారదు. సెల్ఫ్ లాగే వందకు పైగా ఆంపియర్లకు ఆ పట్టీయే దారి. అది తెగితే కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా కూడా పోతుంది. సెల్ఫ్ కొట్టాక ఆ కేబుల్ వేడెక్కిందంటే పట్టీ పోయినట్టే. జంపర్ కేబుల్‌తో బ్యాటరీ మైనస్‌ని నేరుగా ఇంజిన్ దిమ్మెకి కలిపి చూడండి. చటుక్కున స్టార్టయితే పట్టీ మార్చడమే మిగిలిన పని.

హెడ్‌లైట్లు గుడ్డిగా వెలగడం

చాలా పాత కార్లలో హెడ్‌లైటు కరెంటంతా స్విచ్చిలోంచే పోతుంది. 55 వాట్ల బల్బులు రెండంటే సుమారు 9 ఆంపియర్లు. స్విచ్చి కాంటాక్టులో చిలుము పట్టి 0.1 ఓమ్ అడ్డం పడినా దగ్గర దగ్గర ఒక వోల్టు అక్కడే పోతుంది. హాలోజన్ బల్బుకు వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. పోయిన వోల్టు వేడిగా మారుతుంది. స్విచ్చి కింద కనెక్టర్ తీసి చూడండి, గోధుమ రంగుకు తిరిగి ఉంటే కారణం అదే. కనెక్టర్ మార్చి, ఫ్యూజుతో బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు తీసుకునే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్చి) పెట్టిస్తే స్విచ్చి మీద భారం తగ్గుతుంది. వెలుగు చాలడం లేదని 100 వాట్ల బల్బులు వేస్తే మాత్రం ఆ పాత వైర్లే కరుగుతాయి.

ఫ్యూజు వేసిన వెంటనే పోవడం

ఇంట్లో కిట్‌క్యాట్ ఫ్యూజుకు తీగ చుట్టిన అలవాటుతో కొందరు ఇక్కడా రాగి తీగో, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితమో దూరుస్తారు. అప్పుడు ఫ్యూజుకు బదులు వైరు కాలుతుంది. ఎర్ర ఫ్యూజు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20. ఏ రంగు తీశారో ఆ రంగే వేయాలి.

షార్టు ఎక్కడుందో వెతకడానికి ఒక్కో ఫ్యూజూ కాల్చుకుంటూ పోనక్కర్లేదు. ఆ లైన్లో బల్బులు, మోటార్లు అన్నీ తీసేయండి. ఫ్యూజు గాడిలో ఫ్యూజు బదులు ఆ 21 వాట్ల బల్బు వైర్లు దూర్చి స్విచ్చి వేయండి. షార్టు ఉన్నంతసేపు బల్బు నిండుగా వెలుగుతుంది. కరెంటు రెండు ఆంపియర్లు కూడా దాటదు కాబట్టి ఏదీ కాలదు. ఇప్పుడు బల్బు మీద ఒక కన్నేసి వైరింగును జానెడు జానెడు కదుపుతూ పోండి. ఎక్కడ కదిపితే బల్బు ఆరిపోయిందో అక్కడే వైరు ఒరుసుకుంది. ముందుగా డిక్కీ తలుపు, డోరు మలుపుల్లోని రబ్బరు గొట్టాలు చూడండి. తర్వాత ఇంజిన్ నుంచి లోపలికి వైర్లు వచ్చే రంధ్రం, స్టీరింగ్ కింద. ఎలుకల ఊసెత్తక్కర్లేదు, ఆనవాళ్లు అవే వదిలిపెడతాయి.

తెగిన వైరును మెలితిప్పి టేపు చుట్టడం మరమ్మతు కాదు. మన ఎండలకు టేపు జిగురు కారిపోతుంది. టంకం వేసో, క్రింప్ చేసో (లోహపు గొట్టంలో దూర్చి నొక్కి బిగించో), పైన వేడికి బిగుసుకునే స్లీవ్ తొడగండి. ముక్క కలపాలంటే అదే మందం ఉన్న పోగుల వైరు వాడండి. ఇంటి వైరింగులో మిగిలిన ఒంటి తీగ అదురుకు విరుగుతుంది.

తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోవడం

అన్నీ ఆపి, డోర్లు వేసి, బ్యాటరీ మైనస్ కేబుల్ తీసి, కేబుల్‌కీ బుడిపెకీ మధ్య మీటరును 10 ఆంపియర్ల పాయింటులో పెట్టండి. ఆ స్థితిలో తాళం తిప్పకూడదు, మీటరు పోతుంది. 50 మిల్లీ ఆంపియర్ల లోపు అయితే ఫర్వాలేదు. అంతకు మించితే ఫ్యూజులు ఒక్కొక్కటే లాగుతూ, దేనికి అంకె పడిపోతుందో చూడండి. ఏది లాగినా మారకపోతే డైనమో డయోడ్లు, లేదా ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీకి తగిలించిన స్టీరియో.

మా కారులో మీటరు 0.4 ఆంపియర్లు చూపించింది. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అయితే రెండు రోజుల్లోపే సగం ఖాళీ. ఏ ఫ్యూజు మీదో తెలిసింది గానీ, ఆ లైన్లో వెలుగుతున్నదేమీ కనపడలేదు. చివరికి ఫోన్‌లో వీడియో ఆన్ చేసి డిక్కీలో పెట్టి మూత వేశాను. తీసి చూస్తే లోపలి 5 వాట్ల లైటు ఆరలేదు, దాని స్విచ్చి పుల్ల అరిగిపోయి మూతకు అందడం లేదు. పుల్ల మీద చిన్న రబ్బరు ముక్క అతికించాక మీటరు 20 మిల్లీ ఆంపియర్లకు దిగింది.